షెఫీల్డ్‌కు నేను చేయని ఫోన్

దయ్యాలంటే నాకు భయం లేదు, నమ్మకమూ లేదు. ఉన్నదల్లా విసుగు. కోదాడలో మా వీధిలో ఎవరికైనా జ్వరం వస్తే నిమ్మకాయలు దిగదుడిచే వాళ్లతో, ముందు దవాఖానకు తీసుకుపొమ్మని పోట్లాడిన మనిషిని నేను. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్తాను. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. పెళ్లికి ముందు ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఒక ఏడాది చదువుకున్నాను. ఆ ఒక్క ఏడాదీ నా ప్రాణానికి వచ్చింది. ఈ చుట్టుపక్కల నుంచి విదేశాలకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలూ, వాళ్ల మేనమామలూ, మేనమామల స్నేహితులూ అందరూ నాకే ఫోన్ చేస్తారు.

నేను చెప్పేవి చెప్తాను. సర్టిఫికెట్లు పెద్ద పెట్టెలో వేయకండి, చేతి సంచిలో ఉంచుకోండి. ఫోటోలు చూసి గది ఒప్పుకోకండి. దిగిన వారంలోనే అక్కడి డాక్టరు దగ్గర పేరు రాయించుకోండి, రోగం వచ్చాక పరుగెత్తకండి. అన్నీ విని, చివరికి అడిగేది ఒకటే. "మేడం, కుక్కర్ మూడు లీటర్లది కొనాల్నా, ఐదు లీటర్లదా?"

స్రవంతి చివ్వెంల పిల్ల. మూడేళ్లు నా క్లాసులో ముందు బెంచీలో కూర్చుంది. వాళ్లింట్లో విమానం ఎక్కిన మొదటి మనిషి. సీటు కూడా షెఫీల్డ్‌లోనే రావడంతో నా పని అయిపోయింది. వాషింగ్ మెషీన్‌లో ఏ మీట నొక్కాలి, బస్సు డ్రైవరుతో ఏమని చెప్పాలి, ప్రొఫెసర్‌ను పేరు పెట్టి పిలిస్తే కోపం రాదా. ఒకసారి దుకాణంలో నిలబడి, రెండు డబ్బాలు వీడియోలో చూపించి, వీటిలో పెరుగేదని అడిగింది. క్లాసులో ఉన్నా, బస్సులో ఉన్నా, వంట చేస్తున్నా ఫోనే.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం బస్సు మునగాల దాటుతుండగా ఫోన్ చేసింది. గదిలోకి గాలి కొడుతోందట, నిద్ర పట్టడం లేదట. నేను నిలబడి ఉన్నాను, ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో ఫోను.

"కిటికీ సందులకు టేపు వేసెయ్. తలుపు కింద తువ్వాలు కుక్కు. ఇంత చిన్నదానికి కూడా ఫోన్ చేస్తే ఎలా?" అన్నాను.

నేను అక్కడ ఉన్నప్పుడు చేసింది అదే. నాది యూనివర్సిటీ హాస్టల్, వేడినీళ్ల గొట్టాలతో గదులు వెచ్చగా ఉండేవి. ఆ పిల్ల గది ఎలా వెచ్చబడుతుందో నేను అడగలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు రాత్రి ఇంట్లో చుట్టాలుండగా మళ్లీ మూడుసార్లు చేసింది. ఎత్తలేదు. తర్వాత వాట్సాప్‌లో ఆమె నంబరు బ్లాక్ చేశాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ చేశాను. రెండు రోజులు ప్రశాంతంగా ఉంటే చాలనుకున్నాను.

ఆ మరుసటి రోజు కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు నాకు డ్యూటీ. డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోన్లు స్టాఫ్ రూం బీరువాలో పెట్టి తాళం వేయాలని మా దగ్గర నియమం. నేనూ పెట్టాను. నాలుగుంబావుకు తీసి చూస్తే ఏమీ లేదు. బస్సెక్కి ఇంటికి వచ్చాను.

ఏడు గంటలకు తెలియని విదేశీ నంబరు నుంచి ఫోన్. స్రవంతి. తన ఫోన్ నుంచి చేస్తే వెళ్లడం లేదని, గదిలో ఉండే అమ్మాయి ఫోన్ నుంచి చేస్తున్నానంది.

"మేడం, పొద్దుగాల మీరు ఫోన్ చెయ్యకపోతే మేమిద్దరం సచ్చిపోయేటోళ్లం" అంది.

"నేనెప్పుడు చేశాను?" అన్నాను విసుగ్గానే.

అప్పుడు చెప్పింది. వాళ్లది పాత ఇల్లు. గది అల్మారాలోనే, ఇల్లు వెచ్చబెట్టడానికి నీళ్లు కాచే గ్యాస్ బాయిలర్ ఉంది. దాని పొగ బయటికి పోయే గొట్టం పగిలింది. ఆ పొగకు వాసన ఉండదు, మనిషికి తెలియదు. కనిపెట్టి మోగాల్సిన అలారంలో బ్యాటరీ లేదు. పైగా నేను చెప్పినట్టే కిటికీకి టేపు, తలుపు కింద తువ్వాలు. పొద్దున లేచేసరికి ఇద్దరికీ తలనొప్పి, వాంతి వచ్చినట్టు. చలికి అనుకుని మళ్లీ పడుకున్నారు.

అక్కడ తొమ్మిది దాటాక ఫోన్ మోగింది. తెర మీద నా పేరు, నా ఫోటో. ఫోన్ చెవి దాకా ఎత్తలేక స్పీకర్ నొక్కింది. నా గొంతు. తిట్లు.

"సోయి ఉన్నదా నీకు? లెవ్వు. ఆ పిల్లను లేపు. టేపు పీకు, కిటికీ తెరువు. చెప్పులు ఎతకకు, బయటికి నడువు."

కాళ్లు లేస్తలెవ్వు మేడం అంటే, "పాకుకుంట పో" అన్నానట. మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చేదాకా తిడుతూనే ఉన్నానట. రోడ్డు మీద పడి ఉన్న వాళ్లను చూసి పక్కింటివాళ్లు ఫైర్ వాళ్లను పిలిచారు. వాళ్లు మిషన్ పెట్టి చూసి, ఇంకాసేపు పడుకుని ఉంటే లేచేవాళ్లు కాదని చెప్పారు.

అక్కడ తొమ్మిదంటే మనకు రెండున్నర. ఆ సమయానికి నేను పరీక్ష హాల్లో అడిషనల్ షీట్లు ఇచ్చి సంతకాలు పెడుతున్నాను. ఆ కాగితాలు కాలేజీలో ఉన్నాయి.

పొగకు తల తిరిగి ఏదో కలగన్నావని చెప్పాను. అప్పుడు ఆ రెండో అమ్మాయి ఫోన్ తీసుకుంది. జిన్సీ అని కేరళ పిల్ల, తెలుగు ముక్క రాదు. తనూ విన్నానంది. ఎవరో ఆడమనిషి ఆగకుండా అరిచిందట. ఆ మాటల్లో ఒకటి గుర్తుంది, అర్థమేంటని ఇంగ్లీషులో అడిగింది.

"సోయి" అంది. ఒంటి మీద తెలివి అని అర్థం.

మా అమ్మది తుంగతుర్తి. నాకు నిజంగా కోపం వచ్చినప్పుడు నోట్లోంచి అమ్మ మాటే వస్తుంది. క్లాసులో ఎప్పుడూ రానివ్వను.

స్రవంతి మెయిల్‌లో స్క్రీన్‌షాట్ పంపింది. నా నంబరే. పదకొండు నిమిషాల కాల్. నా ఫోన్‌లో మాత్రం ఏమీ లేదు, ఆమె నంబరు ఇంకా బ్లాక్‌లోనే ఉంది. ఆ ఆదివారం ఫోన్ పట్టుకుని మిర్యాలగూడ వెళ్లాను. మా పిన్ని కొడుకు నవీన్‌కు అక్కడ సెల్‌ఫోన్ రిపేరు షాపు ఉంది. గంట సేపు గెలికాడు.

"అక్కా, ఈ ఫోన్ నుంచి కాల్ పోలే. బ్లాక్ చేసిన నంబరుకు నువ్వు చేద్దామన్నా పోదు, ముందు బ్లాక్ తియ్యమంటది."

"మరి ఈ స్క్రీన్‌షాట్ ఏంటి?"

"గదే సమజైతలేదు. ఎవడన్న హ్యాక్ చేసిండేమో."

నాకు ఒళ్లు మండింది. తుంగతుర్తి యాసలో తిట్టి ఇద్దరు ఆడపిల్లల ప్రాణం కాపాడే హ్యాకర్ ఎవడురా అన్నాను. నవీన్ ఫోన్ తుడిచి నా చేతిలో పెట్టాడు. ఇంకొకటి కూడా చెప్పాలి. బాయిలర్ పొగ మనిషిని చంపుతుందని ఆ రోజు వరకు నాకు తెలియదు. తెలియని సంగతి నేను ఎలా చెప్తాను?

ఇప్పుడు వెళ్లేవాళ్లకు మొదట ఇదే చెప్తున్నాను. గదిని వెచ్చబెట్టేది ఏమిటో అడగండి, అలారం మీట నొక్కి మోగుతుందో లేదో చూడండి, ఆ తర్వాతే పెట్టె దించండి. తలూపుతారు. మళ్లీ కుక్కర్ దగ్గరికే వస్తారు.

ఆ ఫోన్ నేను చేయలేదని స్రవంతికి చాలాసార్లు చెప్పాను. గొప్ప చెప్పుకోవడం ఇష్టం లేక అలా అంటున్నానని ఆమె నమ్మకం. బ్లాక్ చేసిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

చదువు అయ్యాక ఊరికి వచ్చి, కాలేజీకి నన్ను చూడటానికి వచ్చింది. స్టాఫ్ రూంలో ఎవరూ లేరు. కాసేపు చేతి సంచి జిప్పు లాగుతూ కూర్చుంది.

"మేడం, ఒకటడుగుత, ఏమనుకోవద్దు" అంది. "మేము రోడ్డు మీదికొచ్చినంక మీరు తిట్టుడు బంద్ చేసిన్రు. ఫోన్ పెట్టెయ్యలే. ఏడ్సిన్రు. శానసేపు ఏడ్సిన్రు. ఎందుకు మేడం?"

నేను చేయలేదని ఈసారి అనలేకపోయాను. ఆ పిల్ల జవాబు కోసం నా మొహంలోకే చూస్తోంది. నాకు తెలిస్తే గదా చెప్పడానికి.