కొమ్ములు దించే వేళ

కొమ్ముల పనిలో ఆయన్ని మించినవాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. అందరికంటే ముందు ఆయనే ఒప్పుకుంటాడు, అదీ తంటా! కబేళా నుంచి పచ్చి కొమ్ములు తెచ్చి, ఉడకబెట్టి, లోపలి బొమిక ఊడగొట్టి, శుభ్రంగా తోమి బొమ్మలు చెక్కేవాళ్ళకి ఇస్తాడు. షెడ్డులో గడియారం ఉండనివ్వడు. "టైము చూసి దించడానికి ఇవేమన్నా కోడిగుడ్లా?" అంటాడు.

అంతా వాసన మీదే. కుళ్ళు కంపు తగ్గి, జుట్టు కాలినట్టు సన్నగా తగలగానే దించెయ్యాలి. ముందే దించితే బొమిక ఊడదు, ఆలస్యమైతే కొమ్ము చిట్లిపోతుంది.

మూణ్ణెల్లుగా పొయ్యి దగ్గర కూతురు కూడా ఉంటోంది. వాసన తగలగానే "దించనా నాన్నా?" అంటుంది, ఆయన "ఊఁ" అంటాడు. నిన్న మాత్రం సరుకు కొనే షోరూము యజమాని ముందే గయ్యిమన్నాడు. "ముప్పై ఏళ్ళుగా దించుతున్నా, నువ్వు చెప్పాలా నాకు?"

పిల్లకి తల కొట్టేసినట్టయింది.

ఆ యజమానికి ఒకే కొలత, ఒకే వంపు ఉన్న జత కావాలి. ఇవాళ మధ్యాహ్నానికి అందకపోతే ఇక పనంతా వేరేవాళ్ళకేనని తెగేసి చెప్పాడు. ఆ జత కోసం తండ్రీకూతుళ్ళు నెలరోజులు చెప్పులరిగేలా తిరిగారు.

ఇప్పుడు ఆ జతే డేగిసాలో ఉడుకుతోంది. కూతురికి వాసన తగిలింది. "నేనెందుకు చెప్పాలి? ఆయనకి తెలీదా ఏంటి!" అనుకుని మూతి ముడుచుకు కూర్చుంది. ఆయన కట్టెలు ఎగదోస్తూ మాటిమాటికీ కూతురి మొహంలోకి చూస్తున్నాడు. లేవడేం? వాసన చిక్కబడింది. పిల్ల ఇక కూర్చోలేకపోయింది. పంతం గింతం గాలికి పోయింది.

"నాన్నా! దించెయ్!"

ఆయన పట్టకారుతో లాగి చెక్క మీద కొట్టాడు. మొదటి కొమ్ములోంచి బొమిక జారిపడింది, కొమ్ము బాగానే ఉంది. మంటకి దగ్గరగా ఉన్న రెండోది నిలువునా చిట్లింది.

"ఎప్పుడొచ్చిందే వాసన?"

"చాలాసేపైంది."

"మరి రోజూ అడిగేదానివి, ఇవాళ అడగవేం?"

"నిన్న నువ్వేగా తిట్టావు! నీకు తెలుస్తుందిలే అనుకున్నా."

ఆయన పట్టకారు కింద పెట్టాడు. "మూణ్ణెల్ల కిందట ఆ జ్వరం వచ్చినప్పట్నుంచి నాకు ఏ వాసనా తెలీడం లేదే తల్లీ."

పిల్లకి ఏడుపు ఆగలేదు. ఇంతలో యజమాని రానే వచ్చాడు. తండ్రి దాచలేదు, చిట్లిన కొమ్ము చేతికిచ్చాడు.

"తప్పు నాదండీ. నా ముక్కు పనిచెయ్యడం లేదు. మూణ్ణెల్లుగా మీకిచ్చిన సరుకంతా మా అమ్మాయి దించమంటే దించిందే."

యజమాని కొమ్ముని అటూ ఇటూ తిప్పి చూసి, అమ్మాయి వైపు తిరిగాడు. "ఇంకో జత ఎప్పటికివ్వగలవమ్మా?"

అలవాటుగా ఆమె నాన్న వంక చూసింది.

"నన్ను చూస్తావేం?" అన్నాడాయన. "నిన్నే అడుగుతున్నారు."