ఎలుకల మీద పనిచేసిన మందు

ఈ పొద్దున గాజువాకలో టీ తాగుతుంటే పక్కాయన విప్పిన పేపర్లోంచి పచ్చి సిరా వాసన కొట్టింది. తొలి పేజీలో ఇంత లావు అక్షరాలు: ‘షుగర్‌కు ఇక సెలవు’. మనుషుల మీద ఇంకా ప్రయోగించలేదన్న మాట మాత్రం ఎక్కడో అడుగున. పట్టరాని కోపం వచ్చింది. ఇలాంటి శీర్షిక ఒకప్పుడు నేనే పెట్టాను. అది ఏం చేసిందో దగ్గరుండి చూపించినవారు మా డెస్క్ ఇన్‌చార్జి సన్యాసిరావు గారు.

అప్పటికి నేను పత్రికలో చేరి రెండేళ్లు. కిడ్నీలను బాగుచేసే కొత్త మందు గురించి ఒక ప్రైవేటు ఆసుపత్రి ప్రెస్‌నోట్ పంపింది. మర్నాడు పేజీ నిండా వాళ్లదే ప్రకటన. వార్త ‘బాగా’ రావాలని మా పత్రిక మేనేజర్ చెప్పాడు. సన్యాసిరావు గారు ఆ రోజు సెలవు. ‘ఇక డయాలసిస్ అక్కర్లేదు!’ అని పెట్టాను. పరీక్షించింది ఎలుకల మీదేనన్న ఆఖరి వాక్యాన్ని చోటు చాలక కోసేశాను. అందరూ మెచ్చుకుంటే పొంగిపోయాను కూడా.

వారం దాటిందో లేదో, అచ్యుతాపురం నుంచి ఒకావిడ ఆ పేపర్ మడతపెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. భర్త అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసేవాడట. నేరుగా సన్యాసిరావు గారినే అడిగింది.

“ఈ మందు ఏ షాపులో దొరుకుతాది బాబూ? మా ఆయన డయాలసిస్‌కి రానంతన్నాడు. అక్కర్లేదని పేపరోళ్లే రాసీసినారు కదేటి అంతన్నాడు.”

సన్యాసిరావు గారు ఆ వార్త చదివారు. “ఎన్నిమార్లు మానీసినాడమ్మా?”

“రెండు మార్లు.”

ఆయన వెంటనే లేచారు. నావైపు చూసి, “నువ్వూ రామ్మా” అన్నారు. ఆవిడతో కలిసి ఆటో ఎక్కాం.

అద్దెగదిలో అతను గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. మొహం ఉబ్బిపోయింది. సన్యాసిరావు గారు అతని పక్కన కూర్చున్నారు.

“బాబూ, ఆ వార్త మాదే. తప్పు రాసీసినాం. ఆ మందు ఎలకలకిచ్చి సూసినారంతే. లెగు, ఆసుపత్రికెల్దాం.”

అతను నమ్మలేనట్టు చూశాడు. “పేపర్లో అబద్ధం రాత్తారేటి?”

సన్యాసిరావు గారు అతన్ని లేపడానికి వంగారు. ఒక భుజం తాను పట్టి, రెండోది నన్ను పట్టమన్నారు. నీరు పట్టిన ఆ ఒంటి బరువంతా నా మీద పడింది. ప్రభుత్వాసుపత్రిలో సమయానికి చేర్చాం కనుక బతికాడు.

సాయంత్రం ఆయన మేనేజర్ గదిలోకి వెళ్లారు. అరుపులు డెస్క్ దాకా వినిపించాయి. “తప్పు ఫస్ట్ పేజీలో సేసినాం. సవరణ కూడా అక్కడే ఎయ్యాలి!”

“వాళ్లు మన ప్రకటనదారులండీ.”

“ఆ మనిషి మన పాఠకుడు కాడేటి?”

సవరణ తొమ్మిదో పేజీలో నాలుగు లైన్లు వచ్చింది. ‘తప్పు’ అన్న మాట అందులో లేదు. నెల తిరక్కుండా ఆయన్ను పెళ్లి సంబంధాల ప్రకటనలు దిద్దే పనికి మార్చారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉంచారు. నాకు మాత్రం ఇంక్రిమెంట్ ఇచ్చారు. ఆ సిగ్గుతో ఆయన దగ్గరకు వెళితే, “నీ ఒక్కదాని తప్పు కాదమ్మా. కానీ రాసింది నీ చెయ్యి” అన్నారు.

ఇప్పుడు ఆరోగ్యం పేజీ నా చేతిలో ఉంది. మందు గురించి ఏ శీర్షిక పెట్టినా, ముందు మా ఆఫీసు ఊడ్చే లక్ష్మికి చదివి వినిపిస్తాను. “ఎక్కడ దొరుకుతాదమ్మా?” అని ఆమె అడిగిందంటే కొట్టేసి మళ్లీ రాస్తాను. మొన్న అలాంటి ఓ శీర్షికను కోపంగా కొట్టేస్తుంటే కొత్త మేనేజర్, “ఇంత చిన్నదానికి అంత కోపమేమిటి మేడమ్?” అన్నాడు. ఆ కోపం నాకు ఒక మంచి మనిషి ఇచ్చి వెళ్లారు. తగ్గించుకోను.