బుదైయాలో పోలిష్ పత్రిక మీద నా కుంకుమ

నేను ఈ గల్ఫ్ దేశంలో, ఈసా టౌన్‌లో ఒక స్కూల్ లైబ్రరీ చూసుకుంటాను. పాత పత్రికలంటే నాకు పిచ్చి. పిల్లలకు కథలు చెప్పడానికి మా స్కూల్‌కి వచ్చిన ఒక పోలిష్ రచయిత్రి, బుదైయాలోని తన ఇంట్లో సొంత లైబ్రరీ ఉందనీ, అందులో సగం పత్రికలేననీ అంది. చూడొచ్చా అని అడిగాను. శుక్రవారం రమ్మంది గానీ, ఆ ముఖంలో నవ్వు లేదు. నా భయం అక్కడే మొదలైంది.

పూజ చేసుకుని తొమ్మిదిన్నరకు బయల్దేరాను. బస్సుకైతే మూడు వందల ఫిల్సే, అంటే దినార్‌లో మూడో వంతు కూడా కాదు, కానీ మనామాలో మారి ఎండలో నిలబడాలి. టాక్సీ ఏడు దినార్లు తీసుకుని అరగంటలో దింపింది. గేటు తీసిన గంగారాం జగిత్యాల వైపు మనిషి, ఆవిడ ఇంట్లో తోటపని చేస్తాడు. తెలుగు వినగానే సంబరపడి, వెంటనే గొంతు తగ్గించాడు.

"పైలం మేడం. ఆ కాయితాలంటే అమ్మకు పానం. మొన్న ఒకాయన వాటి పక్కన చాయ్ కప్పు వెట్టిండని బయటికి పంపింది."

చెప్పులు బయటే విడిచి లోపలికి వెళ్ళాను. ఆ రచయిత్రికి డెబ్బై అయిదేళ్ళుంటాయి. ముందు చేతులు కడుక్కోమంది, పెన్ను తీసుకుని పెన్సిలిచ్చింది. నాలుగు గోడలకూ అరలే. మాసపత్రికలు, వారపత్రికలు ఏళ్ళవారీగా కట్టి ఉన్నాయి. ఒక్క అక్షరం చదవలేకపోయినా ఆ వాసనకే నాకు ప్రాణం లేచొచ్చింది. చివర్లో ఒక అట్టపెట్టె తెచ్చి కార్పెట్ మీద పెట్టి, పల్చటి పత్రికొకటి తీసింది. అప్పట్లో వాళ్ళ దేశంలో ప్రభుత్వానికి తెలియకుండా వాళ్ళ తమ్ముడు వంటింట్లో అచ్చు వేసిందట. అందుకే జైలుకెళ్ళాడు, తిరిగొచ్చాక మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. ఆ సంచిక కాపీల్లో మిగిలింది ఇదొక్కటే. ఇంతలో ఫోన్ మోగితే, దాన్ని పెట్టె మీదే ఉంచి పక్కగదిలోకి వెళ్ళింది.

నేను స్టూల్ మీంచి లేవబోయాను. కాలు ఆ పత్రికకు తగిలింది. అయ్యో సరస్వతీ అనుకుంటూ, ఆలోచించకుండానే తీసి కళ్ళకద్దుకున్నాను. దించి చూస్తే అంచున ఎర్రగా నా కుంకుమ! పై ప్రాణాలు పైనే పోయాయి. వేలితో తుడిస్తే ఇంకాస్త పాకింది. అందరూ బొట్టుబిళ్ళలు పెట్టుకుంటుంటే నాకెందుకొచ్చిన తడికుంకుమ? పెట్టె అడుగుకి తోసేసి మూత పెట్టేద్దామనిపించింది. తోశాను కూడా. పక్కగదిలో మాటలు ఆగాయి. అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. తమ్ముడి గుర్తుగా మిగిలింది అదొక్కటే కదా అని మనసొప్పలేదు. మళ్ళీ తీసి, ఆవిడకే అందించాను. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మా అలవాటని, జరిగిందంతా చెప్పాను.

ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ మరకను దగ్గరగా చూసింది. నేను గుమ్మం వైపు చూస్తున్నాను. రుమాలు తీసి అద్దబోతే నా చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా ఇంగ్లీషులో అంది.

"దీన్ని వందమంది చదివి ఉంటారు. దొరికిపోతామని ఒక్కరూ గుర్తు మిగల్చలేదు. ఈ శుభ్రమంతా వాళ్ళ భయమే. తుడవకండి."

పన్నెండున్నరకు టాక్సీ ఎక్కాను. తిట్లు తప్పాయి, భయం మాత్రం తగ్గలేదు. మీరెవరైనా ఇలాంటి ఇంటికి వెళ్తే, లేచే ముందు కాళ్ళ దగ్గర ఏముందో చూసుకోండి. పొరపాటు జరిగితే మాత్రం దాచకండి. నేను దాచింది అర నిమిషం. ఆ పత్రికను ఏళ్ళ తరబడి దాచి బతికినవాళ్ళను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.