మా ఇంట్లో ట్రిప్ అనకూడదు

మేం ఆస్ట్రేలియా వెళ్తున్నామని తెలిశాక అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళంతా "ట్రిప్ ఎప్పుడండీ? ట్రిప్ ఎన్ని రోజులండీ?" అని అడగడం మొదలుపెట్టారు. అడిగినప్పుడల్లా నేను వాళ్ళని వరండాలోకి లాక్కెళ్ళి జవాబు చెప్పేదాన్ని. మా ఆయన ముందు ఆ మాట అనకూడదు. టూరు అనొచ్చు, ప్రయాణం అనొచ్చు, తీర్థయాత్ర అన్నా ఊరుకుంటారు. ట్రిప్ మాత్రం అనకూడదు.

ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ముప్పై నాలుగేళ్ళు టర్బైన్ల దగ్గర పనిచేశారు. అక్కడ యూనిట్ ట్రిప్ అయిందంటే, నడుస్తున్న మిషను ఉన్నట్టుండి ఆగిపోయిందని అర్థం. క్వార్టర్స్‌లో ఉన్న మాకు ఎవరూ వచ్చి చెప్పనక్కర్లేదు. ముందు ఆవిరి వదిలిన పెద్ద హోరు, ఆ తర్వాత నిశ్శబ్దం. మిగతా యూనిట్లు నడుస్తూనే ఉన్నా మా చెవులకి అది నిశ్శబ్దమే. పొయ్యి మీద పాలు పెట్టినవాళ్ళం కూడా గుమ్మాల్లోకి వచ్చి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకునేవాళ్ళం. ఇక షిఫ్టు అయిపోయినా మొగుళ్ళు ఇంటికి రారు. పెళ్ళయిన కొత్తలో ఆ నిశ్శబ్దానికి నేను ఏడ్చేదాన్ని.

ఆ టర్బైన్ల మోతలోనే ఆయన చెవులు దెబ్బతిన్నాయి. తప్పు ఎవరిదీ కాదు, ఆయనదే. చెవులకు పెట్టుకోమని ఇచ్చినవాటిని మెడలో వేలాడేసుకుని తిరిగేవారు. స్క్రూడ్రైవరు మొన బేరింగుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "ఇది పాడవడానికింకో వారం టైముంది" అని చెప్పగలిగిన మనిషి. చెవులు మూసుకుంటే ఆ విద్య ఎలా సాగుతుంది? రిటైరై విజయవాడలో స్థిరపడ్డాక డాక్టరుగారు చెవి మిషను రాసిస్తే అందుకే ఒప్పుకోలేదు. "మిషన్లకి నా చెవి కావాలి గానీ, నా చెవికి మిషనేంటి?" అన్నారు. నేను పట్టుబట్టి కొనిపించాను. పెట్టె తెరవనే లేదు. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఇలాగే వదిలేస్తే మాట వినే అలవాటే తప్పిపోద్దమ్మా. తర్వాత మిషను పెట్టినా లాభం తక్కువ" అన్నారు.

ఆ మాట కంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఆయన కొత్త అలవాటు. మొదట్లో వినపడకపోతే "ఏంటీ?" అని అడిగేవారు. ఏడాదిగా అడగడం మానేశారు. ఏం చెప్పినా "ఆ, ఆ" అని తలూపేస్తారు. వంకాయ కూర చెయ్యనా అంటే ఆ. గ్యాస్ అయిపోయిందంటే ఆ. మా తమ్ముడికి జ్వరమంటే ఆ. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, మా ఇంట్లో లోకువ కట్టడానికైనా వినేవాడు లేడు. పైకి చెప్పాల్సింది అరిచి చెప్పడం, మిగిలింది నాలో నేను సణుక్కోవడం నాకు అలవాటైపోయింది. ఈ టూరులోనైనా పెట్టుకుంటారేమోనన్న ఆశతో ఆ పెట్టెని హ్యాండ్‌బ్యాగు అడుగున దాచుకుని విమానం ఎక్కాను.

వన్ టౌన్‌లోని ట్రావెల్స్ వాళ్ళు మా వైపు వాళ్ళనే పద్దెనిమిది మందిని పోగేశారు. మొదట కంగారూ దీవి. అక్కడి నుంచి ఎడారి ఊళ్ళ దాకా మమ్మల్ని తిప్పిన గైడు అరవై దాటిన తెల్లావిడ. ఖాకీ నిక్కరు వేసుకుని మా అందరికంటే చురుగ్గా నడిచేది. పడవ దిగి బస్సెక్కిన పది నిమిషాలకే రోడ్డు పక్క పొదల్లో మొదటిది కనబడింది. పొట్టసంచిలోంచి పిల్ల తల బయటపెట్టి మమ్మల్నే చూస్తోంది.

"ఏవండీ, కంగారూ! కంగారూ!" అన్నాను ఆయన భుజం కుదిపి.

"కంగారెందుకే? చెప్తే బస్సు ఆపుతారుగా. బాత్రూమ్‌కేనా?" అన్నారు.

బస్సంతా ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఆయన కూడా నవ్వారు గానీ, ఎందుకు నవ్వుతున్నారో ఆయనకి తెలియదు. అందరూ నవ్వుతున్నారని నవ్వారు. అది చూశాక నా నవ్వు ఆగిపోయింది.

మర్నాడు సముద్ర సింహాలు. పెళ్ళి భోజనం చేసి అరుగుల మీద ఒరిగిన మగపెళ్ళివారిలా ఇసుకలో అడ్డదిడ్డంగా పడుకున్నాయి. గైడు పెదాల మీద వేలు పెట్టి, గుసగుసగానే మాట్లాడాలని, దగ్గరికి పోవద్దని చెప్పింది. అందరూ ఆగారు. ఆయన ఒక్కరే ఫోనులో ఫోటోలు తీసుకుంటూ ముందుకు పోతున్నారు. గుసగుసగా "ఆగండి" అన్నాను. రెండోసారి కాస్త గట్టిగా అన్నాను. మూడోసారి అరిచాను. పెద్ద మగది తలెత్తి చూసింది, పిల్లలు దొర్లుకుంటూ నీళ్ళలోకి పారిపోయాయి. గైడు వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది, పాపం ఒక్క మాట కూడా అనలేదు. అన్నది నేను.

"చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు," అన్నాను, పదహారు మంది ముందు.

ఆయనకి వినపడలేదనే అనుకున్నాను. కానీ అప్పట్నుంచీ ఆయన వెనక వరసలోనే నిలబడ్డారు. చెట్టు కొమ్మలో నిద్రపోతున్న కోలాని అందరూ వంతులవారీగా చూస్తుంటే, రమ్మని పిలిచినా "ఆ, ఆ" అని తలూపి అక్కడే ఉండిపోయారు. నోరు జారినందుకు నాలుక కరుచుకున్నాను గానీ క్షమించమని అడగాలన్నా అరిచే అడగాలి. పదిమందిలో అదెలా అడుగుతాను?

దీవి నుంచి తిరిగొచ్చాక ఎడారి వైపు రెండు రోజులు బస్సులో ప్రయాణం. దారిలో తగిలినవి పేరుకే ఊళ్ళు. ఒక పెట్రోలు బంకు, ఒక హోటలు, రైళ్ళు ఆగని పాత స్టేషను. ఎటు చూసినా వరిచేలు కనబడే చోట పుట్టిన నాకు, ఎటు చూసినా ఎర్రమట్టే ఉండేసరికి కళ్ళు ఎక్కడ నిలపాలో తెలియలేదు. మూడో రోజు మధ్యాహ్నం భూమి లోపల ఇళ్ళున్న ఊరు చేరాం. రంగురాళ్ళ కోసం తవ్వుకోడానికి వచ్చినవాళ్ళు, ఎండకి తాళలేక గుట్టల్ని తొలిచి లోపలే కాపురాలు పెట్టారట. మా హోటలు గదీ అంతే. కిటికీ లేదు, ఫ్యాను లేదు, ఏసీ లేదు. గోడల నిండా తవ్విన మిషను పళ్ళ గుర్తులు. అయినా నూతిలో దిగినట్టు చల్లగా ఉంది. ఎండ తగ్గేదాకా విశ్రాంతి తీసుకోమంది గైడు.

తలుపు వేశాను. అంత నిశ్శబ్దం నేను ఎక్కడా ఎరగను. నా ఊపిరి నాకే వినిపించింది. క్వార్టర్స్ నాటి ఆ పాత భయంతోనే ఆయన వైపు చూశాను. షర్టు బొత్తాలు విప్పుతున్నవారల్లా చెయ్యి ఆపేసి, తల కాస్త పక్కకి వంచి నిలబడ్డారు.

"యూనిట్ ట్రిప్ అయింది," అన్నారు.

మా ఇంట్లో ఎవరూ అనకూడని మాట ఆయన నోటే వచ్చింది. ఆయన మొహం కడుక్కుని వచ్చి, తువ్వాలు మంచం మీద పడేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నారు. నేను సూట్‌కేసులో తల దూర్చి అలవాటు ప్రకారం సణిగాను.

"తడి తువ్వాలు పక్క మీద వెయ్యొద్దంటే వింటేనా. నలభై ఏళ్ళ నుంచీ ఇదే తంతు."

"తీస్తాలే," అన్నారు.

బట్టలు సర్దుతున్న చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాను. ఆయన వీపు నా వైపే ఉంది. నా పెదాల కదలిక చూసి కనిపెట్టారనుకోడానికి లేదు.

"వినపడిందా?" అన్నాను, ఇంకా మెల్లగా.

"వినపడింది. ఇక్కడ వేరే మోతేం లేదుగా." లేచి తువ్వాలు కుర్చీ మీద ఆరేశారు. మళ్ళీ గోడ వైపే తిరిగి కూర్చుని, "ఇంకేవన్నా అను," అన్నారు.

ఏడాదిగా పేరుకున్న మాటలు ఎన్ని ఉన్నాయో! తీరా అనమంటే ఒక్కటే వచ్చింది.

"నాకు భయంగా ఉందండీ. మీరు అన్నిటికీ ఆ, ఆ అంటుంటే, ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నట్టుంటోంది."

ఆయన గోడ మీది మిషను గీతల్ని వేలితో తడుముతూ కూర్చున్నారు. ఇది వినపడలేదేమో అనుకున్నాను.

"మళ్ళీ చెప్పమంటే నీకు విసుగు గదా," అన్నారు. "రోజుకి వందసార్లు ఏం చెప్తావ్? ఆ అనేస్తే నీకు శ్రమ తగ్గుద్దని."

సిగ్గుతో చితికిపోయాను. ఆయన మళ్ళీ అడిగినప్పుడల్లా నేను నుదురు కొట్టుకున్న మాట నిజం. "ఏం లేదు, పోనివ్వండి" అని వంటింట్లోకి వెళ్ళిపోయిన మాటా నిజం. ఆ పోనివ్వండి వినీ వినీ ఆయన అడగడం మానుకున్నారని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదు.

"శంఖం సంగతీ తెలుసు," అన్నారు. "దానికి చెవులెందుకు? నీ మొహం చూస్తే చాలదూ?"

వెళ్ళి పక్కన కూర్చుని ఏడ్చాను. "తప్పయిపోయిందండీ," అన్నాను. అరవకుండానే అన్నాను. ఆయనకి వినపడింది.

"ఏడిస్తే ఏడ్చావుగానీ, ఆ పెట్టె ఇటివ్వు," అన్నారు. "నీ బ్యాగులో ఉందిగా. మొన్న మాత్రల కోసం వెతుకుతుంటే చూశా."

కుడిచెవిది ఎడమచెవికి పెట్టుకోబోతుంటే నేనే సర్దాను. సాయంత్రం బయటికొచ్చి బస్సెక్కగానే ఆయన తల పక్కకి వంచి విని, "ఏసీ ఫ్యాను బేరింగుకి ఎక్కువ టైము లేదు, ఆవిడకి చెప్పు," అన్నారు. నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. గైడు ఆయనకి సెల్యూట్ కొట్టింది.

విజయవాడ వచ్చి ఏడు నెలలైంది. మిషను ఎప్పుడూ పెట్టుకుంటారని చెప్పను. కుక్కరు కూత భరించలేనంటారు, బందరు రోడ్డెక్కితే హారన్లకి పీకి జేబులో వేసుకుంటారు. పోయిన వినికిడి తిరిగి రాదని డాక్టరుగారూ చెప్పారు. పెట్టుకున్నప్పుడు నాకు సణుక్కునే స్వాతంత్ర్యం లేదు. పెట్టుకోనప్పుడు నేనేమన్నా అంటే ఇదివరకటిలా తలూపరు. చేస్తున్న పని ఆపి, నా వైపు తిరిగి, "ఏవన్నావ్? మళ్ళీ చెప్పు" అంటారు.

నిన్న వంకాయలు పుచ్చిపోయాయని చెప్తే అయిదుసార్లు అడిగారు. అయిదుసార్లూ చెప్పాను.