తారీఖు లేని చీటీ

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మహబూబాబాద్‌లో నేను పనిచేసిన నర్సింగ్ హోంలో సలహాల పెట్టె ఒకటి ఉండేది. అది పెట్టిన నాటి నుంచి అందులో పడ్డ ఒకే ఒక్క చీటీ నాది. ఆ రోజుల్లో నాకు ఇరవై మూడేళ్లు. భూపాలపల్లి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ, ఎమ్మే తెలుగు చదివిన చేత్తో ఓపీ చీటీలు రాసేదాన్ని. (పేరు, వయసు, జ్వరమా, దగ్గా. నేర్చుకున్న అలంకారాల్లో ఒక్కటీ పనికి రాలేదు.) నోరు విప్పి మాట్లాడటం రాదు కాబట్టి అందరినీ చూస్తూ కూర్చునేదాన్ని. అట్లా కూర్చునేవాళ్లకు అనుమానాలు ఎక్కువ. కాంపౌండర్ అన్న టిఫిన్ డబ్బా రోజూ రెండుసార్లు ఎందుకు కడుగుతాడన్న దాని మీద కూడా నా డైరీలో ఒక పేజీ ఉంది.

ఊడ్చే పనికి కొత్తగా చేరిన అక్క కోసం ఆ డైరీలో ఏకంగా తొమ్మిది పేజీలు ఖర్చయ్యాయి. రాష్ట్రం సరిహద్దు అవతల అడవిలో ఆమె ఊరు గొడవల్లో తగలబడి ఖాళీ అయిపోతే, గంగారంలో చుట్టాల ఇంటికి వచ్చి, మిరప కోతలకు పోయి, చివరికి ఇక్కడ కుదిరిందని చెప్పుకునేవారు. రోజూ పొద్దున మందుల గది ఊడుస్తూ ఊడుస్తూ చీపురు గోడకు ఆనించి, అరల ముందు నిలబడి డబ్బాలు తిప్పి చూసేది. నిన్న ముందున్న దగ్గు మందు ఇవాళ వెనక్కి పోయేది, వెనకది ముందుకొచ్చేది. మూడు రోజులు డైరీలో అరల బొమ్మ గీసి ఏ డబ్బా ఎక్కడుందో గుర్తు పెట్టుకున్నాను. నాలుగో రోజు ఆమె మూడు సీసాలు నల్ల కవర్లో చుట్టి మెట్ల కింద పెట్టడం నా కంటపడింది.

మందుల మీద చెయ్యి వేసినవాళ్లు ఆ పూటకే ఇంటికి పోవాలని డాక్టరుగారి భార్య (మేమంతా మేడం అనేవాళ్లం) ముందే చెప్పి ఉంచింది. ఎదురుగా వెళ్లి చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకని, "గౌరవనీయులైన యాజమాన్యమునకు ఒక శ్రేయోభిలాషి విన్నవించుకొనునది ఏమనగా, కొత్తగా చేరిన ఆయా, మందుల గదియందు అనుమానాస్పదముగా సంచరించుచున్నది" అని రాసి పెట్టెలో వేశాను. దస్తూరి గుర్తు పట్టకుండా ఎడమ చేత్తోనే మొదలుపెట్టాను కానీ రెండో మాటకే విసుగొచ్చి కుడి చేతికి మారాను.

మర్నాడు ఇంకా గట్టి రుజువు కోసం మంచినీళ్లు తాగే నెపంతో మందుల గదిలోకి వెళ్లాను. ఆమె నన్ను చూసి కంగారు పడలేదు.

"చెల్లె, జర ఇటు రా. నీ కండ్లు మంచిగుంటయి. గీ తారీఖు సదువు."

పిల్లల జ్వరం మందు అది. గడువు దాటి రెండు నెలలైంది.

"గిసొంటివే ఇంక మూడు ఏరి మెట్లకింద పెట్టిన. డాక్టర్ సాబుకు ఎట్ల చెప్పాల్నో తెలుస్తలేదు. ఊడ్చేదానికి ఇయన్ని ఎందుకంటరు."

"మరి డబ్బాలెందుకు తిప్పుతున్నవక్క?"

"తారీఖు ముందు అయిపోయేది ముందల ఉండాలె. మా దిక్కు తొమ్మిదేండ్లు నర్సు పని జేసిన. చెయ్యి ఊకుంటదా?"

"సర్టిఫికెట్ లేదా?"

"పెట్టెల ఉండె. పెట్టె ఇంట్ల ఉండె." అంతవరకు చెప్పి చీపురు అందుకుంది.

చీటీని ఎట్లాగైనా వెనక్కి తీయాలి. పెట్టె తాళం మేడం దగ్గరుంటుంది, ఆమె దాన్ని తెరిచే ఒకటో తారీఖుకు ఇంకా రెండు రోజులే. మధ్యాహ్నం అందరూ అన్నం తింటుండగా తల పిన్ను వంచి పెట్టె సందులోంచి గెలికాను. తిప్పి ఊపాను. లోపల ఏమీ లేదు. ఒకటో తారీఖున మేడం పెట్టె తెరిచి, "సూసిండ్రా, ఒక్క కంప్లైంట్ లేదు. దవాఖాన అంటే గిట్ల నడవాలె" అంది. ఆ రోజు నుంచి ఎవరు నవ్వినా నా చీటీ చదివే నవ్వారనిపించేది. కాంపౌండర్ అన్నకు ఇంకో రెండు పేజీలు పెరిగాయి.

చివరికి రెండు రోజులు అద్దం ముందు సాధన చేసి మేడంతో అక్క చదువు సంగతి చెప్పాను.

"సర్టిఫికెట్ ఉన్నదా ఆమెకు?"

"ఇంట్లోనే కాలిపోయింది మేడం."

"అయితే నర్సు ఎట్లయితది? ఊడ్చుడైనంక ఆ అరలు గూడ సూడుమను."

ఆ విధంగా నా సిఫారసుతో అక్కకు దక్కింది ఇంకో పని మాత్రమే. చీపురు పోలేదు, జీతం మారలేదు. నకలు సర్టిఫికెట్ కోసం ఇద్దరం కూర్చుని మూడుసార్లు దరఖాస్తు పంపాం. స్వయంగా వచ్చి తీసుకోవాలని జవాబొచ్చింది. ఆ దారిన ఆమె మళ్లీ వెళ్లలేదు. అయినా ఎప్పుడో ఒకనాడు నర్సు పని దొరికితే రిజిస్టరు తెలుగులో రాయాలి కదా అని, హిందీలో చదువుకున్న ఆమె నా దగ్గర తెలుగు అక్షరాలు నేర్చుకుంది. నా పాత ఓపీ చీటీలే ఆమెకు వాచకం.

ఇప్పుడు ఆ డైరీ తెరిస్తే, అరల బొమ్మలు గీసుకుంటూ ప్రపంచాన్ని కాపాడుతున్నాననుకున్న ఆ పిల్లను చూసి నవ్వొస్తుంది, జాలి కూడా వేస్తుంది. జనగామలో ఒక కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం వచ్చి నేను బయల్దేరిన రోజు అక్క బస్టాండు దాకా వచ్చింది. కిటికీలోంచి బిస్కెట్ పొట్లం అందించింది. (దాని తారీఖు ముందే చూసి ఉంటుంది.) డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాక కిటికీ చువ్వ పట్టుకుని మామూలుగానే అంది: "చెల్లె, అప్పట్ల పెట్టె తుడుస్తుంటె అడుగు పలక ఊడి నీ చీటీ కింద పడ్డది. దాసుకున్న. నువ్వు అక్షరాలు నేర్పినంక మొదలు సదివింది గదే, రాత సూస్తె నీదని ఎరుకైంది. అంత మంచిగ రాసినవు, కింద తారీఖే ఎయ్యలే."