పొడుగు లెన్సులో అవతలి ఒడ్డు

ఆ లెన్సు నేను కొన్నది పెళ్లిళ్ల కోసం. సోమశిలలో, పెళ్లి కుదిరిన జంటలను పడవలో కూర్చోబెట్టి, నేను ఒడ్డున నిలబడి ఫొటోలు తీసేవాణ్ని. పడవ ఎంత దూరం పోయినా అమ్మాయి ముక్కుపుడక మెరుపు దాకా అందేది. గద్వాలలో నా స్టూడియో చిన్నదే అయినా, ఆ పొడుగు లెన్సు పుణ్యమా అని కోడేరు నుంచి కూడా బేరాలు వచ్చేవి. మధ్యమధ్య ఒక పత్రికకు జిల్లా ఫొటోలు పంపేవాణ్ని. ఫొటో కింద చిన్న అక్షరాల్లో నా పేరు వేసేవారు. పొద్దున్నే హోటల్లో చాయ్ తాగుతూ ఆ పేరు చూసుకోవడం నాకు ఇష్టం.

కరోనా వచ్చిన ఏడాది పెళ్లిళ్లు ఆగిపోయాయి. నా భార్య, పిల్లలు వనపర్తిలో ఆమె పుట్టింటికి పోయి, దారులు మూసేయడంతో అక్కడే ఉండిపోయారు. రంజాన్ నెల మొదలైంది. మసీదుకు తాళం. తెల్లవారకముందే రాత్రి అన్నం వేడి చేసుకొని తినేవాణ్ని. ఆ తర్వాత పొద్దు గుంకేదాకా మాట్లాడటానికి మనిషి ఉండేవాడు కాదు. పక్కింటివాళ్లు కూడా తలుపు సందులోంచే పలకరించేవారు. పత్రిక కార్డు ఉండటం వల్ల నన్ను బండి మీద తిరగనిచ్చేవారు. ఒంటరితనం భరించలేకే ఎక్కువగా తిరిగాననుకుంటాను.

గుంటూరు వైపు మిరపకాయలు ఏరడానికి పోయిన మనవాళ్లు నడిచి వస్తున్నారనీ, సరిహద్దు వంతెన మీద పోలీసులు ఆపేస్తే రాజోలి దగ్గర నదిలో దిగి దాటుతున్నారనీ ఎవరో చెప్పారు. ఆ సాయంత్రమే పోయాను. ఎండాకాలపు తుంగభద్రలో నీళ్లకన్నా ఇసుక, బండలే ఎక్కువ. నడుమ ఒకచోట మాత్రం మొలలోతు పాయ ఉంది. పది పన్నెండు మంది చేతులు పట్టుకొని వరసగా దాటుతున్నారు. అందరికన్నా ముందు ఒక ఆడమనిషి, తల మీద మిరపకాయల మూట. మూట చిరుగులోంచి కాయలు బయటికి కనిపిస్తున్నాయి. నీళ్లన్నీ బూడిద రంగులో ఉన్నాయి, ఆ ఎరుపు ఒక్కటే ఎరుపు. ఇంత మంచి ఫొటో నేను జన్మలో తీయలేదని అక్కడే తెలిసింది.

ఆమె ఒడ్డెక్కి, చీర కుచ్చిళ్లు పిండుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో.

"ఫోటో తీసినవా సార్?"

"తీసిన."

"మూట మంచిగ పడ్డదా? నేను పడకున్నా ఏం గాదు," అని నవ్వింది. తర్వాత అవతలి ఒడ్డు వైపు చెయ్యి చూపించింది. "తీస్తే తీసినవ్ గని, రేపటిదంక ఎవ్వరికి సూపియ్యకు సార్. మా అత్త, మా ఆయన ఆడ్నే ఉన్నరు. ఆమెకు కాళ్లు వాసినయ్, అడుగు పడ్తలేదు. రేపు పొద్దుగాల్ల మా ఆయన బుజం మీద ఎక్కించుకొని దాటిస్తడు. ఈ బాట బైటవడ్తె పోలీసోళ్లు కంప కొడ్తరు."

"సరే చెల్లె. సూపియ్య," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. ఇంటికి వచ్చి, ఉపవాసం విడిచి, ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూసుకున్నాక మనసు ఆగలేదు. ఇవాళ పంపినా ఎల్లుండి కానీ వేయరులే అనుకున్నాను. అలా అనుకోవడానికి ఏ కారణమూ లేదు. వాళ్లు నా ఫొటో ఏదీ ఎన్నడూ ఆపలేదు. ఎక్కడిది అని ఆఫీసు నుంచి అడిగితే రాజోలి దగ్గర తుంగభద్ర అని ఊరితో సహా రాసి పంపాను. తుంగభద్ర అని మాత్రమే రాసినా సరిపోయేది.

మరునాడు పొద్దున్నే మళ్లీ రాజోలి పోయాను. ఎందుకు పోయానో దాచను. కొడుకు భుజం మీద తల్లి నది దాటుతుంటే అది మిరపకాయల ఫొటోను మించుతుందని పోయాను.

నేను చేరేసరికి రేవు దగ్గర పోలీసులు సర్కారు తుమ్మ కంప లాగి అడ్డం వేస్తున్నారు. వాళ్లలో ఒకతని చేతిలో మడిచిన పేపరు ఉంది. ఆమె కొంచెం పక్కన బండ మీద నిలబడి ఉంది. ఎదురుగా పాయలో, ఆమె భర్త తల్లిని భుజాల మీద కూర్చోబెట్టుకొని అప్పటికే నీళ్లలోకి దిగాడు. నేను లెన్సు ఎత్తాను. నడిమికి వచ్చారు. విజిల్ మోగింది. మళ్లీ మోగింది. అతను ఆగాడు. కాసేపు నీళ్లలో అలాగే నిలబడి, తల్లిని దించకుండానే వెనక్కి తిరిగాడు. అంతసేపూ నా వేలు బటన్ నొక్కుతూనే ఉంది.

ఆ రాత్రి ఆ ఫొటోలన్నీ కెమెరాలోంచి తీసేశాను. ఒక్కటి కూడా ఉంచలేదు. అలా చేస్తే కొంత తప్పు తీరుతుందని అప్పుడు అనిపించింది.

తర్వాత నదికి పోకుండా ఉండలేకపోయాను. ఆమె కూడా రోజూ సాయంత్రం తన ఊరి నుంచి నడిచి వచ్చి అదే బండ మీద కూర్చునేది. అవతలి ఊరివాళ్లు ఆమె భర్తనూ అత్తనూ ఊళ్లోకి రానివ్వలేదు. తల్లీకొడుకులు ఒడ్డునే ఒక కంపచెట్టు కింద ఉన్నారు, చేపలు పట్టేవాళ్లు ఇంత అన్నం పెడుతున్నారు. మొదటి రోజు భర్త ఫోన్ చేసి, "నువ్వు ఇటు రాకు. వొస్తే మళ్ల దాటనియ్యరు, ముగ్గురం ఈడ్నే పడుంటం," అన్నాడట. ఆ తర్వాత ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. ఇవతలి నుంచి చూస్తే చెట్టు కింద రెండు మచ్చలు, అంతే.

"సార్, గా పొడుగు దాంట్లకెళ్లి కనవడ్తదా?" అని ఆమే అడిగింది. "జర సూడు. మా అత్త కూసుందా, పండుకుందా?"

చూశాను. ముసలామె చెట్టు మొదలుకు ఆనుకొని కూర్చుంది. కొడుకు తువ్వాలతో విసురుతున్నాడు.

"కూసుంది. నీ మొగడు విసురుతుండు."

"నాకు ఒక్కనాడు విసరలే," అంది ఆమె. నవ్వు మొహం మీదికి రాకముందే పోయింది. "తిన్నదా?"

"తింటుంది."

అప్పుడు తిననే లేదు. ఆమె నన్ను నమ్మి అడిగిన మొదటి రోజే నా నోటి నుంచి అబద్ధం వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే పని అయింది. లెన్సు పైకెత్తేవాణ్ని, చూసినదాంట్లో కొంత చెప్పేవాణ్ని, కొంత కల్పించేవాణ్ని. లేచి నాలుగడుగులు నడిచిందని ఒకరోజు చెప్పాను. అంబలి లాంటిదేదో తాగిందని ఇంకోరోజు. ఆమె మొహం తేటపడేది. పొద్దు గుంకగానే, "ఒక్కపొద్దు ఇడువు సార్, అల్సిపోయినవ్," అనేది. జేబులోంచి ఖర్జూరాలు తీసి ఆమెకు రెండు ఇచ్చి, నేను ఒకటి నోట్లో వేసుకునేవాణ్ని. ఆ నెల మొత్తంలో నా ఎదురుగా కూర్చొని ఏదైనా తిన్న మనిషి ఆమె ఒక్కతే. నేను చేసిన పని ఆమెకు తెలియదు. వాళ్ల ఊరికి పేపరు రావడం ఎప్పుడో ఆగిపోయింది. చెబుదామని ప్రతి సాయంత్రం అనుకునేవాణ్ని. చెబితే రేపటి నుంచి ఈ బండ మీద కూడా నేను ఒక్కణ్నే కదా అనిపించేది.

"ఎప్పుడు సూసినా పండుకునే ఉంటదేంది సార్?" అని ఒకరోజు అనుమానంగా అడిగింది.

"ఎండ గదా చెల్లె. ముసలి పాణం."

మరుసటి సాయంత్రం కాపలాకు కొత్త కానిస్టేబుల్ వచ్చాడు. గద్వాలవాడే. వాళ్ల చెల్లెలి పెళ్లికి ఫొటోలు తీసింది నేనే. నన్ను చూడగానే దూరం నుంచే చెయ్యి ఊపాడు.

"ఏందన్నా, ఇంకా ఫోటోలేనా? నీ పుణ్యాన మాకు ఎండల కాపలా పడ్డది! నీ మిరపకాయల ఫోటో పేపర్ల రాకుంటే ఈ దిక్కు ఎవడు సూసెటోడు?"

నాతో హాస్యానికి అన్న మాట. ఆమె నా వైపు తిరిగింది.

"గవి నా మిరపకాయలేనా?"

తల ఊపాను. తిడుతుందనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నది వైపు తిరిగింది.

"ఇప్పుడు సూడు," అంది తర్వాత. "సూసి నిజం చెప్పు."

లెన్సు ఎత్తాను. కొడుకు తల్లి తలను ఒడిలో పెట్టుకొని చెంబుతో నోట్లో నీళ్లు పోస్తున్నాడు. నీళ్లు లోపలికి పోవడం లేదు. చెంప మీదుగా మెడలోకి కారుతున్నాయి. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిన్నా మొన్నా కూడా లేవలేదని చెప్పాను. నడిచిందని చెప్పింది అబద్ధమని చెప్పాను.

ఆమె చీర పైకి దోపుకొని, ఒట్టి చేతుల్తో కంప పక్కకు లాగి, ఇసుకలోకి దిగింది.

"ఏయ్ అమ్మా! యాడికి?" కానిస్టేబుల్ విజిల్ వేశాడు. ఆమె వెనక్కి చూడలేదు. అతను ఇంకోసారి విజిల్ నోట్లో పెట్టుకొని, ఊదకుండానే తీసేశాడు. "ఇటొచ్చెటోళ్లను ఆపమన్నరు," అన్నాడు నాతో, మెల్లగా. "అటు పొయ్యేటోళ్ల సంగతి నాకేం చెప్పలే."

నేను ఆమె వెంట పోలేదు. కెమెరా మెడలో ఉండగా నీళ్లలోకి దిగడమెట్లా అన్న ఆలోచన వచ్చింది; అంత సిగ్గుమాలిన ఆలోచన నాదేనని ఇవాళ్టికీ గుర్తుంది. లెన్సులోంచి చూస్తూ నిలబడ్డాను. ఆమె పాయ దాటింది. చెట్టు కిందికి చేరి అత్త తలను తన ఒడిలోకి తీసుకుంది. చీకటి పడ్డాక లెన్సులో కూడా ఏమీ కనిపించలేదు. ఉపవాసం విడవమని చెప్పేవాళ్లు లేరు. ఖర్జూరాలు జేబులో అలాగే ఉండిపోయాయి.

ముసలామె ఇవతలి ఒడ్డుకు రాలేదు. రెండు రోజులకు అక్కడే పోయింది. చేపలవాళ్లు గుంత తవ్వారట. దారులు తెరిచాక భార్యాభర్తలు ఇద్దరే వంతెన మీదుగా నడిచి వచ్చారని ఆ కానిస్టేబుల్ ఫోన్ చేసి చెప్పాడు.

ఆమె ఊరికి పోవడానికి నాకు ఒక వానాకాలం పట్టింది. ఏం చెప్పాలో బండి మీద వల్లె వేసుకుంటూ పోయాను. ఆమె వాకిట్లో చాట ముందు పెట్టుకొని మిరపకాయల తొడిమలు తీస్తోంది. భర్త చేనికి పోయాడు. కూర్చోమని అనలేదు.

"మస్తు ఎర్రగ పడ్డయంట గద, నా మిరపకాయలు," అంది.

"తప్పయింది చెల్లె," అని మాత్రం అన్నాను.

"గదంత ఇడిసిపెట్టు. ఒక్కటి చెప్పు." తొడిమలు తీయడం ఆపింది. "కంప కొట్టిననాడు మా ఆయన మా అత్తను బుజం మీద ఎక్కించుకొని నీళ్లల్లకు దిగిండు గదా. నాకు బండ మీదికెళ్లి మనిషి కనవడ్డది గని మొకం కనవడలే. నువ్వు సూసినవ్. అత్త ఏడుస్తుండెనా?"

"లేదు."

"ఫోటో ఉంటె సూపియ్యి."

"లేదు. తీసేసిన."

"ఎందుకు?"

"సిగ్గయింది."

"నీ సిగ్గుకు మా అత్త ఫోటో తీసేస్తివా?"

ఆ పొద్దు చూసినది చెప్పాను. "నవ్వింది చెల్లె. కొడుకు ఎంటికెలు రెండు చేతులతోని పట్టుకొని, జాతరల తండ్రి మీదెక్కిన చిన్నపోరి లెక్క నవ్వింది. నీ దిక్కే సూస్తుండె. విజిల్ పడేదంక నవ్వుతనే ఉండె."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఇది నిజమేనా? తింటుంది, నడిసింది అని చెప్పినవ్ సూడు, గట్లనేనా?"

"నిజం."

ఆమె చాటలోంచి మరో కాయ తీసుకుంది. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. మిరప ఘాటుకు కళ్లలో నీళ్లు వచ్చాయి, ముక్కు మండింది. ఆమె తల ఎత్తలేదు. బండి దగ్గరికి నడిచాను. నమ్మిందో లేదో నాకు తెలియదు. ముసలామె నవ్వు నిజమని చెప్పడానికి నా మాట తప్ప ఇంకేమీ మిగలలేదు.