దిష్టి కళ్ల అవ్వ

నా చిన్నప్పుడు, తమ్ముడు పుట్టిన నెలలో మా అమ్మ పోగొట్టుకున్నవాటిని వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. రక్తం ఒకటి. నిద్ర రెండు. ఆకలి మూడు. నాతో ఆడే మాటలు నాలుగు. ఐదోది పేరు, అందరూ ఆమెను బాలింత అనేవారు. మగబిడ్డ పుట్టాడు, ఇంటికి లాభమే అన్నారు. నా లెక్కలో మాత్రం అమ్మ రోజురోజుకూ తరిగిపోతూ ఉండేది.

మాది పుంగనూరు దగ్గర పల్లె. అమ్మ పుట్టిల్లు కుప్పం వైపు. అమ్మమ్మ అప్పటికే లేదు గనుక పురుడు మా ఇంట్లోనే జరిగింది. మా జేజి, అంటే మా నాయన తల్లి, చెడ్డది కాదు. మిరియాల చారు, వేన్నీళ్లు, సాంబ్రాణి పొగ, దేనికీ లోటు చేయలేదు. ఒక్కటే కట్టడి: బాలింత ఏడవకూడదు, ఏడిస్తే పాలు ఇంకిపోతాయి. చూడవచ్చినవాళ్లు కాళ్లు కడుక్కుని, బిడ్డ ముక్కు ఎవరి పోలికో తేల్చి వెళ్లిపోయేవారు. గోడవైపు తిరిగి పడుకున్న మనిషిని ఎవరూ పలకరించేవారు కాదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం పక్కింటి అవ్వ వచ్చింది. గడప బయటే నిలబడి కళ్లకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"వదినా, బిడ్డను అవతలికి ఎత్తుకపో. నా కండ్లు మంచివి కావు. నేను ముచ్చటపడిన దూడ కూడా పాలు మానేసింది."

"మరి యాల వస్తివి?" అంది జేజి.

"నీ కోడలికి కాళ్లు పిసికేదానికి. దానికేం దిష్టి తగులుతాదిలే! సూడు ఎట్లుండాదో, ఎవురు కుళ్లుకుంటారు?"

జేజి తమ్ముణ్ణి ఎత్తుకుని గబగబా పెరట్లోకి నడిచింది. అవ్వ తలుపు దగ్గరగా వేసి, అమ్మ పాదాలు ఒళ్లోకి తీసుకుంది.

"ఇప్పుడు ఏడ్సుకో తల్లీ. పాలు యాడికీ పోవు. నేనూ బిడ్డల్ని కన్నా, కన్నప్పుడల్లా ఏడిసినా."

అమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఆ తర్వాత నిద్రపోయింది. మూలన కూర్చున్న నేను మెల్లగా అడిగాను, "అవ్వా, నీ కండ్లకు నిజంగా దిష్టి ఉండాదా?"

"ఉండాదనే సెప్పు పాపా. లేదని తెలిస్తే మీ జేజి ఈ తలుపు మూయనిస్తాదా?"

అలా రోజూ వచ్చింది. కొన్నాళ్లకు అమ్మ తానే అడిగి ముద్ద తింది. ఒకరోజు దువ్వెన తెమ్మని నన్ను పిలిచి, నాకు జడ వేసింది.

తమ్ముణ్ణి తొట్టెల్లో వేసే రోజు వీధంతా వచ్చింది, అవ్వ తప్ప. పిలుద్దామని అమ్మ అడిగితే, "దాని కండ్లు మంచివి కావని అదే సెప్పిందే!" అంది జేజి. గుమ్మంలో నిలబడ్డ నేను నోరు తెరవబోయాను. పక్కింటి అరుగు మీద ఒంటరిగా కూర్చున్న అవ్వ, వద్దని నాకు తల ఊపింది. ఆ మాట వీధిలో పాకింది. ఆమె నడిచి వస్తుంటే తల్లులు బిడ్డల్ని కొంగు కింద దాచుకునేవారు.

ఇప్పుడు మదనపల్లెలో ఎవరికి కాన్పయినా వెళ్తాను. ముందు తల్లి పక్కన కూర్చుంటాను. బిడ్డను కాసేపు బయట తిప్పమంటే సరిపోతుంది. నేను అబద్ధమాడాల్సిన పని లేదు.

ఆ రోజు నుంచి అవ్వ పోయేదాకా మా వీధిలో కట్టిన తొట్టెళ్లు పదకొండు. మొదటిది మాది. పదకొండు పిలుపులు ఆమెకు ఈరోజుకీ బాకీ.